గాలిలో వచ్చిన బొమ్మ ఎవరింట్లో నిలిచింది?

మన రికార్డు – 11వ భాగం

పోయిన నెలలో మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి క్లాసయ్యాక ఆగి అడిగింది. "సార్, మా ఇంట్లో కేబుల్ లేదు. ఫ్రీ డిష్ ఒక్కటే ఉంది. దాంట్లో వచ్చే ప్రోగ్రామ్ దాచుకోవచ్చా?" వాళ్ళ మేనమామ డప్పు బృందం కార్యక్రమం ఏప్రిల్ 14న టీవీలో వేస్తారట. ఆ రోజు మేనమామ ఇంట్లో ఉండడు. అంబేద్కర్ విగ్రహం దగ్గర డప్పు కొట్టడానికి పక్క మండలం పోవాలి. "ఆయన్ని ఆయన చూసుకోవద్దా సార్?" అంది.

జవాబు రెండు నిమిషాల్లో చెప్పేశాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నేను మాత్రం స్టాఫ్ రూములో చాలాసేపు కదల్లేకపోయాను. ఎందుకంటే మా అవ్వ కూడా ఒకసారి టీవీలో కనపడింది. ఆమె కూడా తనని తాను చూసుకోలేదు.

మాది నెల్లూరు జిల్లా. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీదికి కదిలిన కాలం. మా అవ్వ పాట కట్టేది. రాసిన పాట కాదు, అప్పటికప్పుడు నోటితో కట్టే పాట. టీవీ వాళ్ళు జీపులో వచ్చి మా వాడలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి తీసుకున్నారు. కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం వేశారు. ఆ సాయంత్రం అవ్వ ఊళ్ళో లేదు. కోతలకి పోయి కళ్ళంలోనే పడుకుంటున్నారు. మా అమ్మ నన్ను చంకనేసుకుని పంచాయతీ ఆఫీసు దగ్గరికి పోయింది. టీవీ వరండాలో ఉండేది, మా వాళ్ళు మెట్ల కింద నేల మీద కూర్చునేవాళ్ళు. నాకు నీలం వెలుగు గుర్తుంది. పాట గుర్తు లేదు. అవ్వ బతికున్నంత కాలం ఒకే మాట అనేది: "అందరూ చూసినారంట నన్ను. నేనే చూసుకోలా."

పీహెచ్‌డీ రోజుల్లో ఆ పాట కోసం తిరగాల్సిన చోట్లన్నీ తిరిగాను. దొరకలేదు.

ఆ రోజు ఊళ్ళో దాన్ని రికార్డు చెయ్యగలిగిన యంత్రం ఒకటుంది. పెద్ద రైతు ఇంట్లో వీసీఆర్. వాళ్ళ దగ్గర రామాయణం సీరియల్ క్యాసెట్లు, కూతురి పెళ్ళి క్యాసెట్ ఉండేవి. "అయ్యా, మా ముసలామె వస్తుంది, కొంచెం పట్టి పెట్టండి" అని అడిగే ధైర్యం మా వాళ్ళకి లేదు. నిజానికి ధైర్యం దాకా ఎందుకు, అలా అడగొచ్చన్న ఊహే లేదు. గాలిలో వచ్చిన బొమ్మని పట్టి ఇంట్లో పెట్టుకోవచ్చని మా వాడలో ఎవరికి తెలుసు?

ఈ భాగం దాని గురించే. ఎవరికీ చందా కట్టకుండా, గాలిలో ఊరికే వచ్చే టీవీని ఇంట్లో పట్టి పెట్టుకున్న వాళ్ళ చరిత్ర. చాలా భాగం అమెరికాలో జరిగింది. కానీ చదువుతుంటే మన వాడే కనిపిస్తుంది.

ముందు ఆ మాట సంగతి. తెలుగు పల్లెలో "రికార్డు" అంటే పాటల ప్లేటు కాకముందు, టేపు కాకముందు, కరణం పెట్టె. అడంగల్‌లో పేరుంటే భూమి ఉన్నట్టు, లేకపోతే తరతరాలుగా దున్నుతున్నా లేనట్టే. మా తాత డీకేటీ పట్టా కోసం కరణం అరుగు కింద నిలబడి నిలబడి అరికాళ్ళు కాలాయని చెప్పేవాడు. ఆ కరణం, మునసబు ఉద్యోగాలను ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. రికార్డు చేతులు మారితే న్యాయం దానంతటదే జరిగిపోదని తర్వాత చూశాం, అది వేరే కథ. కానీ రికార్డు ఒక ఇంటి సొత్తు కాదన్న మాట మాత్రం ఆ నెలలో ప్రభుత్వమే ఒప్పుకుంది.

సరిగ్గా అదే నెలలో, 17వ తేదీన, అమెరికా సుప్రీం కోర్టు ఇంకొక రికార్డు గురించి తీర్పు చెప్పింది. (జనవరి 17 అనగానే మన విద్యార్థులకు 2016 గుర్తొస్తుంది, రోహిత్ గుర్తొస్తాడు. తేదీ ఒకటే తప్ప సంబంధం ఏమీ లేదు. అయినా రాస్తుంటే చెయ్యి ఆగింది.)

కథ ఇది. 1975లో సోనీ కంపెనీ బీటామ్యాక్స్ అనే యంత్రాన్ని అమెరికా బజారులో పెట్టింది. మొదట్లో ఒక టేపులో పట్టేది గంటసేపే. దాని గొప్ప రెండు విషయాల్లో ఉంది. ఇంటి మీది ఏంటెనా తీగని నేరుగా దాంట్లో పెట్టొచ్చు, స్టేషన్‌ని పట్టే ట్యూనర్ దాని లోపలే ఉంటుంది. కాబట్టి టీవీలో ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చెయ్యొచ్చు. గడియారం అమర్చి పెడితే మనిషి ఇంట్లో లేకపోయినా అది తన పని తాను చేస్తుంది. సినిమాలు తీసే యూనివర్సల్, డిస్నీ కంపెనీలు 1976లో కోర్టుకి పోయాయి. మా బొమ్మల్ని జనం దొంగిలించడానికి మీరు పనిముట్టు అమ్ముతున్నారని సోనీ మీద కేసు. ఇంట్లో రికార్డు చేసుకున్న ఒక మామూలు మనిషిని కూడా ప్రతివాదిగా చేర్చారు.

1979లో కింది కోర్టులో సోనీ గెలిచింది. 1981లో అప్పీలు కోర్టులో ఓడింది. సుప్రీం కోర్టు రెండుసార్లు వాదనలు విని, 1984లో అయిదుగురు అటు, నలుగురు ఇటుగా సోనీ పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ స్టీవెన్స్ రాశాడు. ఆ కేసులో విచారించింది డబ్బు కట్టి చూసే కేబుల్ గురించి కాదు. గాలిలో ఉచితంగా, అందరికీ వచ్చే టీవీ గురించే. ఉచితంగా చూడమని పిలిచిన దాన్ని మనిషి తనకు వీలైన వేళకు జరుపుకుని చూస్తే అది దొంగతనం కాదని తీర్పు సారాంశం. వేళని జరుపుకోవడం: కేసంతా ఈ మాట మీదే నడిచింది. పిల్లల కార్యక్రమం చేసే ఫ్రెడ్ రోజర్స్ కూడా సాక్ష్యం చెప్పాడు, కుటుంబాలు తమకు కుదిరిన వేళకు నా ప్రోగ్రామ్ చూస్తే నాకేం అభ్యంతరం లేదని. తీర్పులో ఆ సాక్ష్యాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు.

న్యాయశాస్త్రం విద్యార్థులు దీన్ని కాపీరైటు కేసుగా చదువుతారు. నాకు మాత్రం ఇది కూలి కేసులా కనిపిస్తుంది. వేళ జరుపుకోవాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? సాయంత్రం అయిదింటికి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకునే వాడికి కాదు. రాత్రి డ్యూటీ నర్సుకి, హోటల్లో అంట్లు తోమే మనిషికి, కళ్ళంలో పడుకున్న మా అవ్వకి. తమ పొద్దు తమ చేతిలో లేని వాళ్ళకి.

విచిత్రం చూడండి. వ్యతిరేకించిన నలుగురిలో థర్‌గుడ్ మార్షల్ ఒకరు. బడుల్లో వేర్పాటు చెల్లదని 1954లో బ్రౌన్ కేసు గెలిచిన లాయరు, 1967లో ఆ సుప్రీం కోర్టుకి వచ్చిన మొదటి నల్లజాతి జడ్జి. మన అభిమానం ఆయన మీద ఉండాల్సిందే. కానీ ఈ కేసులో ఆయన సినిమా కంపెనీల వైపు నిలిచాడు. రచయితల హక్కు తగ్గిపోతుందన్న భయం ఆ పక్షానిది. ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ ఇదే మార్షల్ మొహాన్ని ఒకప్పుడు టీవీలోంచి మాయం చేశారు. ఆ కథ చెప్పకుండా ముందుకు పోలేను. అందుకోసం మిసిసిపీ రాష్ట్రానికి, ముప్పై ఏళ్ళు వెనక్కి పోవాలి.

మిసిసిపీ రాజధాని జాక్సన్. అక్కడ డబ్ల్యూఎల్‌బీటీ అనే స్టేషన్. న్యూయార్క్‌లో ఎన్‌బీసీ తయారు చేసిన కార్యక్రమాలు లైను మీద జాక్సన్ దాకా వచ్చేవి, అక్కడి టవరు నుంచి గాలిలో ఇళ్ళ ఏంటెనాలకి పోయేవి. 1955లో ఎన్‌బీసీలో థర్‌గుడ్ మార్షల్ ఇంటర్వ్యూ వస్తోంది. జాక్సన్ స్టేషన్ దాన్ని ఆపేసి ఒక బోర్డు పెట్టింది: క్షమించాలి, కేబుల్‌లో లోపం. ఆ కేబుల్ అంటే మన ఇంటి కేబుల్ కాదు, న్యూయార్క్ నుంచి వచ్చే లైను. లైనులో ఏ లోపమూ లేదు. నల్లవాడు సూటు వేసుకుని చట్టం మాట్లాడుతుంటే చూడలేని కళ్ళలో ఉంది లోపం. ఆ తర్వాత కూడా జాతి సమస్య మీద కార్యక్రమం వచ్చినప్పుడల్లా ఆ లైను పాడవుతూనే ఉండేది.

ఆ స్టేషన్ వెలుగు పడే ప్రాంతంలో నూటికి నలభై మందికి పైగా నల్లవాళ్ళు. తెరమీద మాత్రం వాళ్ళు లేరు. మేడ్గర్ ఎవర్స్ ఎంతో పోరాడి 1963 మే 20న ఆ స్టేషన్లో కొద్ది నిమిషాలు మాట్లాడగలిగాడు. మూడు వారాలు గడిచాయో లేదో, జూన్ 12న ఇంటి ముందే కాల్చి చంపారు.

ఇక్కడ మనకు కావాల్సిన మనిషి వస్తాడు. ఎవరెట్ పార్కర్, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే చర్చి ప్రసార విభాగం చూసే తెల్ల పాస్టరు. ఆయనకొక ఆలోచన వచ్చింది. స్టేషన్‌కి గాలిని వాడుకునే లైసెన్సు ప్రభుత్వం ఇస్తుంది, ప్రజల ప్రయోజనం కోసం అని షరతు పెట్టి. మూడేళ్ళకొకసారి పునరుద్ధరించాలి. స్టేషన్ ఏం వేసిందో, ఏం వెయ్యలేదో సాక్ష్యం ఉంటే లైసెన్సుని ప్రశ్నించవచ్చు. సాక్ష్యం ఎక్కడుంది? గాలిలో వచ్చి గాలిలో పోయింది. అప్పటికి ఇళ్ళలో వీడియో యంత్రాలు లేవు. అందుకని 1964 మార్చి మొదటి వారమంతా జాక్సన్‌లో కొందరు వలంటీర్లు టీవీ ముందు కూర్చున్నారు. పొద్దున ప్రసారం మొదలైన దగ్గర్నుంచి రాత్రి ఆగేదాకా వంతులేసుకుని చూశారు. ఎవరు కనపడ్డారు, ఎంతసేపు, ఎవరిని ఏ మర్యాదతో పిలిచారు, అన్నీ పట్టి పెట్టారు. వాళ్ళ పేర్లు బయటికి రానివ్వలేదు. వస్తే ఇల్లు మిగలదు.

ఆ వారం రికార్డుతో, ఏరన్ హెన్రీ, ఆర్.ఎల్.టి. స్మిత్ అనే స్థానిక నల్లజాతి నాయకులతో కలిసి పిటిషన్ వేశారు. ప్రసార కమిషన్ ఏమందో తెలుసా? చూసేవాళ్ళకి ఇందులో మాట్లాడే హక్కు లేదంది. పోటీ స్టేషన్ పెట్టే పెట్టుబడిదారుకి ఉంటుంది, చూసే మనిషికి ఉండదు! 1966లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది, ప్రేక్షకులకు హక్కు ఉందని చెప్పింది. కమిషన్ మళ్ళీ ఆ స్టేషన్‌కే లైసెన్సు ఇచ్చింది. 1969లో కోర్టు మళ్ళీ కొట్టేసింది, ఈసారి లైసెన్సునే రద్దు చేసింది. 1971లో స్టేషన్ ఒక లాభాపేక్ష లేని సంస్థ చేతికి వచ్చింది. 1972లో విలియం డిల్డే దాని జనరల్ మేనేజర్ అయ్యాడు, అమెరికాలో ఒక టీవీ స్టేషన్‌కి మొదటి నల్లజాతి మేనేజర్. ఒక వారం పాటు ఇళ్ళలో కూర్చుని పట్టిపెట్టిన లెక్కలతో మొదలై ఇంతదూరం వచ్చింది.

నాకు ఇందులో నచ్చే ముక్క ఒకటుంది. బోర్డు పెట్టి మార్షల్‌ని ఆపేస్తే, యంత్రం ఉన్నా మార్షల్ దొరకడు. కానీ ఆ బోర్డు దొరుకుతుంది. మనల్ని చూపించిన నిమిషాలే కాదు, చూపించకుండా పోయిన గంటలు కూడా రికార్డులో పడతాయి. మన పరిశోధక విద్యార్థులు దీని మీద ఇంకా పెద్దగా పని చెయ్యలేదు.

రికార్డు చెయ్యాలన్న తెలివి అటువైపు వాళ్ళకి కూడా వచ్చింది. నాష్‌విల్‌లో పాల్ సింప్సన్ అనే ఇన్సూరెన్సు ఉద్యోగి, టీవీ కంపెనీలు తమ సాయంత్రం వార్తల్ని రెండు వారాలు ఉంచి చెరిపేస్తున్నాయని తెలిసి నిర్ఘాంతపోయాడు. ఈ వార్తలన్నీ వామపక్షంగా ఉన్నాయని ఆయన అనుమానం కూడా. ఆయన చొరవతోనే వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు 5 నుంచి రోజూ వార్తల్ని రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది. సీబీఎస్ కంపెనీ 1973లో కేసు వేసింది. 1976 కాపీరైటు చట్టంలో గ్రంథాలయాలకు వార్తల విషయంలో మినహాయింపు రావడంతో కేసు ముగిసింది. ఇంగ్లండులో బీబీసీ కూడా టేపులు చెరిపి మళ్ళీ వాడుకునేది. డాక్టర్ హూ అనే సీరియల్లో దాదాపు వంద భాగాల బొమ్మ అలా పోయింది. శబ్దం మాత్రం అన్నిటికీ మిగిలింది, ఎందుకంటే అభిమానులు ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నారు. కంపెనీ పారేసింది, ఇల్లు దాచింది.

ఇక ఈ భాగం మొత్తం ఎవరి కోసం రాస్తున్నానో ఆమె దగ్గరికి వస్తాను. మారియన్ స్టోక్స్. 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. ఆ నగర పబ్లిక్ లైబ్రరీలో లైబ్రేరియన్‌గా చాలా ఏళ్ళు పనిచేసింది. కమ్యూనిస్టు రాజకీయాల మనిషి. 1960ల మొదట్లో ఉద్యోగం ఊడగొట్టారు, ఆ రాజకీయాలే కారణమని కుటుంబం నమ్మకం. పుస్తకాల దగ్గర్నుంచి తరిమేస్తే టీవీ దగ్గరికి వచ్చింది. 1960ల చివర్లో స్థానిక స్టేషన్లో "ఇన్‌పుట్" అనే చర్చా కార్యక్రమం నడిపిన వాళ్ళలో ఆమె ఒకరు. సహ నిర్మాత జాన్ స్టోక్స్ తర్వాత ఆమె భర్త అయ్యాడు. టీవీలో ఒక మాట ఎలా తయారవుతుందో, ఎక్కడ కత్తెర పడుతుందో లోపలి నుంచి చూసిన మనిషి.

1970ల మధ్యలో బీటామ్యాక్స్ రాగానే కొనుక్కుని ఇంట్లో అదీ ఇదీ రికార్డు చేసుకునేది. 1979 నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం వాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. మొదటి రోజు వార్త, పదో రోజు వార్త, నూరో రోజు వార్త: అదే సంఘటన, కథ మారిపోతూ ఉంది. ఆమె యంత్రాన్ని ఆపలేదు. తర్వాత ముప్పై మూడేళ్ళు ఆపలేదు. వార్తల్ని రోజంతా, రాత్రంతా పట్టింది. ఒక్కోసారి ఎనిమిది యంత్రాలు ఒకేసారి నడిచేవి. ఆరు గంటలకొకసారి టేపు మార్చాలి. కుటుంబం అంతా ఆ టేపు గంటల చుట్టూ బతికింది. భోజనానికి బయటికెళితే మధ్యలో లేచి రావాల్సిందే. తర్వాత కేబుల్ వార్తా చానళ్ళు వచ్చాక వాటినీ పట్టింది. ప్రతి టేపు అంచు మీద తేదీ, స్టేషన్ తన చేత్తో రాసేది. లైబ్రేరియన్ కదా.

2012 డిసెంబరు 14న చనిపోయింది. ఆ రోజే కనెక్టికట్‌లో ఒక బడిలో కాల్పులు జరిగి చిన్న పిల్లలు చనిపోయారు. ఆ వార్తలు కూడా ఆమె టేపుల్లో చివరగా పడ్డాయి. మిగిలినవి సుమారు 70 వేల క్యాసెట్లు, అపార్ట్‌మెంట్ల నిండా. కొడుకు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థకి అప్పగించాడు. నాలుగు పెద్ద కంటైనర్లలో దేశం ఆ చివర కాలిఫోర్నియాకి పోయాయి. 2019లో మాట్ వుల్ఫ్ తీసిన "రికార్డర్" అనే డాక్యుమెంటరీ ఆమె గురించే. ఆమె దాచినవాటిలో ఆమె సొంత కార్యక్రమం "ఇన్‌పుట్" కూడా ఉంది. ఇవాళ మనం దాన్ని చూడగలుగుతున్నామంటే ఆమె దాచబట్టే.

ఆమెని వింత మనిషిగా, సామాన్లు పోగేసే జబ్బు ఉన్న ముసలామెగా రాసిన వాళ్ళున్నారు. ఇంట్లో వాళ్ళు పడ్డ బాధ నిజమే, డాక్యుమెంటరీలో కొడుకు మాటల్లో అది తెలుస్తుంది. దాన్ని కప్పిపెట్టి దేవతని చెయ్యడం నాకిష్టం లేదు. కానీ ఒకటి అడుగుతాను. కరణం తరతరాలుగా దస్త్రాలు పోగేస్తే దాన్ని ఎవరూ జబ్బు అనలేదు కదా?

మన వాళ్ళు ఇంకొక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. ఎనిమిది యంత్రాలకు డబ్బెక్కడిది? రెండో భర్త కలిగిన కుటుంబం వాడు. పైగా ఆమె యాపిల్ కంపెనీ షేర్లు చవగ్గా ఉన్నప్పుడే కొన్నది. అంటే గాలి ఉచితమే, గాలిని పట్టే సంచి ఉచితం కాదు. బొమ్మ అందరింటికీ వచ్చింది, నిలిచింది మాత్రం కొనగలిగిన వాళ్ళింట్లో.

మన దగ్గర ఇది ఇంకా ముదిరింది. మన పల్లెలకు టీవీ తెచ్చిన మొదటి పెద్ద ప్రయోగం సైట్. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. ఆ ఆరులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బళ్ళలో, పంచాయతీ భవనాల్లో ఊరుమ్మడి టీవీ పెట్టారు. ఊరుమ్మడి అనే మాట వినగానే మనకు బావి గుర్తొస్తుంది. మా పంచాయతీ టీవీ దగ్గర మెట్ల పైన ఎవరు, కింద ఎవరు అన్నది ముందే చెప్పాను.

1980లలో రంగుల టీవీ, వీసీఆర్ వచ్చాయి. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున రామాయణం. దాన్ని ఊళ్ళో ఎవరో ఒకరు టేపుల్లో దాచుకున్నారు. మన వాడలకు వీసీఆర్ వచ్చేది అద్దెకి, ఒక రాత్రికి. తలా అయిదు వేసుకుని తెచ్చి, తెల్లవార్లూ మూడు సినిమాలు చూసి, పొద్దున్నే సైకిలు మీద తిరిగి ఇచ్చెయ్యాలి. చూడటానికి అద్దెకొచ్చిన యంత్రంతో దాచుకోవడం ఎలా కుదురుతుంది?

ఆ మధ్య కాలంలో మనకేం జరిగిందో చూడండి. 1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. మధ్యలో అంబేద్కర్ శతజయంతి, మండల్ గొడవ. అప్పటికి తెలుగులో ప్రైవేటు చానళ్ళు లేవు. ఈటీవీ, జెమినీ వచ్చింది 1995లో. అంతదాకా ఉన్నదల్లా దూరదర్శన్ ఒక్కటే, అదీ గాలిలో ఉచితంగా. ఆ సాయంత్రాల్లో ఏం చూపారు, ఎన్ని నిమిషాలు చూపారు, ఏ మాటలు వాడారు? చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నేరం ఎలా జరిగిందో కోర్టు కాగితాల్లో వెతకొచ్చు. ఆ రోజు దేశానికి దాన్ని ఎలా చెప్పారో వెతకడానికి మన ఇళ్ళలో ఏమీ లేదు. నేను తిరిగిన వాడల్లో పెళ్ళి క్యాసెట్లు దొరికాయి, విగ్రహావిష్కరణ క్యాసెట్లు రెండు మూడు దొరికాయి, బూజు పట్టి. టీవీ నుంచి పట్టిన వార్త ఒక్కటీ దొరకలేదు. జాక్సన్ వాళ్ళలా నోటుపుస్తకంలో రాసిపెట్టింది కూడా దొరకలేదు.

చట్టం మనకు అడ్డమా? కాదు. 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో మన సుప్రీం కోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పులో విడిగా రాసిన జడ్జిల్లో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు, మన తెలుగాయన. మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు అందరివని బాబాసాహెబ్ 1927లో దిగి తాగి చూపించాడు. ఇక్కడ గాలి కూడా అందరిదేనని కోర్టు రాసిపెట్టింది. ఇక 1957 కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ చూడండి. సొంత వాడకం కోసం, లేదా నిజమైన బోధన, పరిశోధన కోసం ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే ప్రసార సంస్థ హక్కుకి భంగం కాదని ఉంది. విద్యార్థులు ఈ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోండి. యూట్యూబులో పెట్టడం వేరే సంగతి, దాన్ని దీంతో కలపొద్దు. నేను చెప్పేది దాచుకోవడం గురించి, చదువుకోవడం గురించి.

ఆ అమ్మాయికి చెప్పింది మీకూ చెబుతాను. ఫ్రీ డిష్‌కి నెలవారీ చందా లేదు. గొడుగు ఒకసారి కొనుక్కుంటే చాలు. చాలా సెట్‌టాప్ బాక్సులకు యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, రిమోట్‌లో రికార్డు బటన్ ఉంటుంది, మెనూలో టైమర్ కూడా ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కడమే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటే ఫైలు 4 జీబీ దాటే చోట ముక్కలవుతుంది, కంగారు పడొద్దు. డబ్బు కట్టే డిష్ బాక్సుల్లో రికార్డు చేస్తే సాధారణంగా అది ఆ బాక్సులో తప్ప ఇంకెక్కడా ఆడదు, చందా ఆగితే అదీ ఆడకపోవచ్చు. ఫ్రీ డిష్‌లో తాళం వెయ్యని చానల్‌ని పడితే మామూలు ఫైలే వస్తుంది, కంప్యూటర్లో వీఎల్‌సీలో ఆడుతుంది. వెంటనే ఇంకో చోట కాపీ పెట్టండి. పెన్‌డ్రైవ్‌ని నమ్మొద్దు, అది పిల్లల చేతికి దొరుకుతుంది. ఫైలు పేరులో తేదీ, చానల్, కనపడిన మనుషుల పేర్లు, వాళ్ళ ఊరు రాయండి. మారియన్ స్టోక్స్ అంచు మీద రాసినట్టు.

మొన్న సోమవారం ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్ తెచ్చింది. వాళ్ళ మామ బృందం పదకొండు నిమిషాలు వచ్చింది. మధ్యలో వానకి సిగ్నల్ పోయి బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగింది, మళ్ళీ కలుసుకుంది. మామ రాత్రి పదింటికి ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా మూడుసార్లు వేయించుకుని చూశాడట. మూడోసారి "ఎడమ పక్కోడు దెబ్బ తప్పినాడు" అన్నాడట. స్టాఫ్ రూము కంప్యూటర్లో ఇద్దరం కాపీ చేసి పేరు పెట్టాం. కనపడిన తొమ్మిది మంది పేర్లూ ఆ అమ్మాయికి నోటికొచ్చు.

తర్వాత నేను ఇంకొక ఖాళీ ఫోల్డరు తెరిచి దానికీ పేరు పెట్టాను. తేదీ తెలియదు. అమ్మకి ఫోన్ చేశాను. "కోతలప్పుడు రా, నువ్వింకా బడికి పోలా" అంది. మా వైపు పెద్ద కోతలంటే మార్చి, ఏప్రిల్. ఆ అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతా సారా ఆపేశారు, దానికంటే ముందే. కాబట్టి 1993, మార్చి లేదా ఏప్రిల్, సాయంత్రం. పంచాయతీ ఆఫీసు. పాట కట్టింది అవ్వ. అమ్మకి రెండు చరణాలు గుర్తున్నాయట, ఆదివారం వస్తే పాడతానంది.

జై భీమ్.